భిలాయి కేంద్రం నుంచి నలభై మూడు మంది

ఆ గురువారం గున్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. భర్త త్రినాథరావు పొద్దుటి షిఫ్టుకి ఉక్కు ప్లాంటులోకి వెళ్లాక ఉప్మా చేసి, డబ్బాలో సర్దుకుని, పదకొండింటికి కూతురి కాలేజీకి వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని, కూతురు కెమెరా ముందు మాట్లాడుతుంటే చూసి రావడం. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు కాబట్టి ఆవిడకి తెల్లవారినప్పటి నుంచీ కంగారుగా ఉంది.

కూతురు మణిమాల ఇటుకల మీద పరిశోధన చేస్తోంది. కరిగిన ఉక్కుని పట్టే పెద్ద పెద్ద బకెట్లకి లోపల పేర్చే ఇటుకలు ఎందుకు పగులుతాయన్నది ఆమె విషయం. ఆమెకి దారి చూపించే ప్రొఫెసరమ్మ ఎక్కడో దూరపు ఊళ్లో ఉంటుంది. భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన ఉత్సాహంలో కాలేజీ హాల్లో ఒక తెర, ఒక కెమెరా, వాటికో ప్రత్యేకమైన లైను పెట్టారు. నెలకోసారి ఆ తెర మీదే గురువుగారి దర్శనం. ఇవాళ అదే లైను మీద అయిదు ఊళ్ల శాస్త్రవేత్తలు ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని సదస్సు జరుపుతున్నారు.

"జనం వస్తారేటే?" అంది గున్నమ్మ, జడ వేసుకుంటున్న కూతురితో.

"అదే కదా పరేషానీ. పోయినసారి మన హాల్లో నలుగురు కూచున్నారు. అందులో ఇద్దరు పడుకున్నారు. ఒక్క క్వశ్చన్ లేదు. మిగతా ఊళ్లవాళ్లు తెర మీద చూసి నవ్వేరంట. ఈసారీ ఇంతే అయితే లైను పీకి వేరే ఊరికి ఇచ్చేస్తారు. హాలు చూసుకునే నరసింగరావు సార్ సాఫ్‌గా చెప్పేసేరు."

"లైను పోతే ఏటవుతాది?"

"మేడమ్ ఉండరు. మేడమ్ లేకపోతే నా రిసెర్చ్ బంద్."

"ఎంతమంది కావాలి?"

"పదిహేను మందైనా కనబడాలి. వినాలి, ఏదో ఒకటి అడగాలి, ఆఖర్న ఫారం నింపాలి, మనసుకి బాగుందా లేదా అని. నువ్వు టెన్షన్ పెట్టుకోకమ్మా," అని మణిమాల సైకిలెక్కి వెళ్లిపోయింది.

పెట్టుకోవద్దన్నదాన్ని గున్నమ్మ వెంటనే పెట్టుకుంది. ఖాళీ కుర్చీలు కళ్లముందు కనబడ్డాయి. నాలుగేళ్ల చదువు నాలుగు నిమిషాల్లో పోతున్నట్టనిపించింది. స్టవ్ మీద కుక్కర్ ఉండగానే ఫోను తీసి, నాలుగిళ్ల అవతల ఉండే కృపమ్మకి కలిపింది.

"వదినా, నువ్వు పదిహేను మందిని తీసుకుని పదకొండు లోపల మణి కాలేజీకి వచ్చీయాలి. ఎందుకని అడక్కు. చెప్తే నాకు ఏడుపొచ్చేస్తాది." ఇంతలో కుక్కర్ కూత పెట్టింది. గున్నమ్మ ఫోను పెట్టేసింది.

ప్లాంటు వాళ్లుండే రిసాలి క్వార్టర్లలో వాళ్ల వీధికి ఒక పద్ధతి ఉంది. ప్లాంటులో ఎవరికైనా ఏదైనా అయితే ఇంటివాళ్లు అసలు మాట ఫోన్లో చెప్పరు. ఓసారి రమ్మంటారు. విన్నవాళ్లు ఎందుకని అడగరు. ఫ్లాస్కు, దుప్పటి, రక్తం గ్రూపు రాసిన చీటీ పట్టుకుని బయల్దేరతారు. ముందు పిల్లలు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి పక్కన కూర్చుంటారు. అసలు మాట నోటితో ఎవరూ అనరు.

కృపమ్మ ఆ పద్ధతి ప్రకారమే నడిచింది. ముప్ఫై ఏళ్లు ప్లాంటులో ఇటుకలు పేర్చి రిటైరైన సుబ్రహ్మణ్యం ఇంటి గుమ్మంలో నిలబడి, "త్రినాథన్నయ్య పొద్దుటి షిఫ్టే కదా?" అని మాత్రం అడిగింది.

పేపరు చదువుకుంటున్న ఆయన దాన్ని మడిచేశాడు. "నిన్న సాయంత్రం కూడా మాట్లాడేను," అని చొక్కా వేసుకున్నాడు.

పదకొండు కావస్తుండగా రెండు ఆటోలు, ఒక మినీ లారీ కాలేజీ ముందు ఆగాయి. నలభై ముగ్గురు దిగారు. గుమ్మంలో ఉన్న నరసింగరావు గారు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఫారాల కట్ట తీసి పంచడం మొదలుపెట్టారు.

"నాది బి గ్రూపు బాబూ. రెండు సీసాలైనా తీసుకోండి," అన్నాడు సుబ్రహ్మణ్యం ఫారం అందుకుంటూ.

నరసింగరావు గారికి అర్థం కాలేదు. కానీ మూడేళ్లుగా ఆ హాలు నిండటం చూడని మనిషి. "ముందు కూచోండి పెద్దాయనా, అవన్నీ తర్వాత," అన్నారు.

వేదిక మీద మణిమాల బిక్కచచ్చి నిలబడి ఉంది. అమ్మ పదిమందిని పిలుస్తుందనుకుంది గానీ వీధి మొత్తం వస్తుందనుకోలేదు. వీధి మొత్తం ఆ మొహం చూసి, పాపం పిల్లకి తెలిసిపోయింది అనుకుంది. ఇంతలో దీపాలు తగ్గి గోడ మీద బొమ్మ పడింది. ఎర్రగా కాలి, నిలువునా చీలిపోయిన పెద్ద బకెట్టు. అది నిజానికి కాలేజీ ల్యాబులో టీ గ్లాసంత నమూనా. గోడ మీద ఏనుగంత కనబడింది.

హాల్లో ఒక్కరూ కదల్లేదు. మణిమాల ఇంగ్లీషులో మాట్లాడుతున్నంతసేపూ, ఎప్పుడు ఆ మాట చెబుతుందోనని ప్రతివాళ్లూ ముందుకి వంగి, ఆమె పెదాలనే చూస్తున్నారు. కృపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతలి నాలుగు ఊళ్లలో శాస్త్రవేత్తలు తమ తమ టీ కప్పులు కింద పెట్టి, తెర మీద భిలాయి హాలు కనబడే గడిని చూడసాగారు.

గున్నమ్మ ఉప్మా డబ్బాతో వచ్చేసరికి ఇదీ పరిస్థితి. నిండిన కుర్చీలు చూసి పొంగిపోబోయింది. తర్వాత కన్నీళ్లు చూసింది.

"ఏటైంది వదినా? ఎవరికేటైంది?"

కృపమ్మ ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది. ఆ కావిలింతకి అర్థం గున్నమ్మకి తెలుసు. తను కూడా ఎంతోమందికి అలా ఇచ్చింది. అక్కడే కుర్చీలో కూలబడింది. కబురు పుట్టించిన మనిషికే కబురు చేరింది.

అడగడానికేమైనా ఉందా అని తెర మీది ప్రొఫెసరమ్మ అడగ్గానే సుబ్రహ్మణ్యం లేచాడు. వీధి తరఫున ఎవరో ఒకరు అడగాలి కదా. హిందీలో మొదలుపెట్టాడు.

"ఇది పగిలినప్పుడు దగ్గర ఎవరున్నారు బేటీ?"

"నేనొక్కదాన్నే తాతయ్యా," అంది మణిమాల కూడా హిందీలోనే.

పిల్ల కళ్లముందే జరిగిందా అని హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. సుబ్రహ్మణ్యం బొమ్మ వైపు తేరిపార చూశాడు. చీలిక ఎక్కడ మొదలైందో కనబడేసరికి ఆయనకి ముప్ఫై ఏళ్ల పని గుర్తొచ్చి, వచ్చిన పని మరుపున పడింది.

"మొదటి వేడి ఎన్ని గంటలు పెట్టేరు?"

"మూడు."

"మూడా? తడి లోపలే ఉండిపోతాది కదమ్మా. మేం కొత్తగా కట్టింది పన్నెండు గంటలు సన్న మంట మీద ఉంచి, అప్పుడు పెంచేవాళ్లం. అడుగు నుంచి మూడో వరస చూడు, అక్కడే ముందు విచ్చుకుంది. ఇటుక తప్పేటీ లేదు, తొందర తప్పు."

తెర మీది ప్రొఫెసరమ్మ కళ్లజోడు పెట్టుకుని కెమెరాకి దగ్గరగా వచ్చింది. "ఆ పెద్దాయన్ని ఇంకోసారి చెప్పమనండి," అంది హిందీలో. మిగతా మూడు ఊళ్లలో కలాలు బయటికి వచ్చాయి. మణిమాల మొహం వెలిగింది. ఏడాదిగా లెక్క కుదరని చోటు అదే. ఆమె, సుబ్రహ్మణ్యం పది నిమిషాలు తడి గురించీ మంట గురించీ వాదించుకున్నారు. అన్నిటికీ జవాబు చెప్పి, ఆఖరి లెక్క కూడా బోర్డు మీద వేసి చూపించి, మణిమాల అందరికీ నమస్కారం పెట్టింది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, హెల్మెట్టుతో, దుమ్ము బట్టలతో త్రినాథరావు లోపలికి వచ్చాడు. ఇంటివాళ్లంతా కాలేజీలో ఏడుస్తున్నారని గేటు దగ్గర ఎవరో చెబితే, సెలవు చీటీ రాసిచ్చి పరిగెత్తుకొచ్చాడు.

నలభై ముగ్గురూ లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎవరు మొదలెట్టారో తెలియదు గానీ ఆగలేదు. కొందరు నవ్వుతూ ఏడ్చారు. కృపమ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పింది. అవతలి నాలుగు ఊళ్లకీ కనబడింది మాత్రం, వేదిక మీద నమస్కరిస్తున్న అమ్మాయి, లేచి నిలబడి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్న హాలు. కాసేపు చూసి ఆ నాలుగు ఊళ్లూ కూడా లేచి నిలబడ్డాయి.

"ఇన్ని సదస్సులు చూశాను," అంది ప్రొఫెసరమ్మ, "ఇటుకల మీద పేపరు విని ఏడ్చినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. ఆ లైను అక్కడే ఉంటుంది. పన్నెండు గంటల వేడి మీద తర్వాతి పేపరు రాయి మణిమాలా. పెద్దాయన పేరు కూడా చేర్చు."

వెనక వరసలో గున్నమ్మ భర్త చెయ్యి పట్టుకుని తడిమి తడిమి చూస్తోంది. "నీకేటీ కాలేదు కదా?"

"నాకేటవుతాదే? నీకేటైంది?"

"ఏటో మరి. అందరూ ఏడుస్తుంటే ఏడ్చేను."

ఫారాలు నలభై మూడూ తిరిగి వచ్చాయి. తృప్తి గడిలో అందరూ అయిదుకి అయిదు వేశారు. సూచనల గడిలో ముప్ఫై ఒక్కరు తమ రక్తం గ్రూపు రాశారు. నెల తిరక్కుండా పై నుంచి ఉత్తరం వచ్చింది: దేశంలో ఏ కేంద్రంలోనూ లేనంతగా శ్రోతలు లీనమయ్యారనీ, అది ఎలా సాధించారో మిగతా కేంద్రాల కోసం వివరంగా రాయమనీ. నరసింగరావు గారు గున్నమ్మని పిలిపించి అంతా విని, మూడు రోజులు ఆలోచించి, జవాబులో 'స్థానిక పద్ధతుల ద్వారా' అని రాసి సంతకం పెట్టారు.