కమాండరు ఖాళీ చేసిన చోటు

ఒక ఆదివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చే వేళ, ఒక సైన్స్ నవలలోంచి ఎనిమిదేళ్ల కమాండరు దిగివచ్చి, విజయవాడ శివారులోని ఒక రెసిడెన్షియల్ స్కూల్లో సీటు అడిగాడు. ఇచ్చారు. ఏడాది మధ్యలో చేరే పిల్లలు మామూలే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అతను రావడానికి కారణం ఆరో తరగతి జాహ్నవి. నవలలో ఆ పిల్లాణ్ణి ఇంటినుంచి ఆకాశంలోని శిక్షణ కేంద్రానికి తీసుకుపోతారు. పొద్దస్తమానం పరీక్షలు. గెలిస్తే ఇంకో పరీక్ష, ర్యాంకు తగ్గితే వేరే గది. చివరికి పెద్దవాళ్లు చెయ్యాల్సిన యుద్ధం వాడి చేత చేయిస్తారు. ఇదంతా జాహ్నవికి తేలిగ్గానే అర్థమైంది, వాళ్ల హాస్టల్లోనూ దాదాపు అంతే కదా. బుర్రకెక్కనిది ఒక్కటే. పుస్తకం మొత్తంలో వాడు ఒక్కసారి కూడా ఇంటికి పోతానని అనడు. తను రోజూ అంటుంది. అంటే లోపం తనలోనే ఉందేమోనని పాపం ఆ పిల్ల బెంగపడిపోయింది. ఉండబట్టలేక పేజీ దగ్గర నోరు పెట్టి, నీకు ఇంటికి పోవాలని ఉండదా అని అడిగేసింది.

కమాండరు బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఉంటుంది. రాసినాయన ఆ మాట రాయలేదు."

అక్కడున్న తల్లిదండ్రులు అతని చుట్టూ మూగారు. పొద్దున్నే ఏం తింటావని ఒకావిడ అడిగింది. ఆకాశంలో చేర్చాలంటే ఎవరిని కలవాలని ఇంకొకాయన అడిగాడు. ఇంటికి పోవాలని ఉందన్న సంగతి మాత్రం ఎవరి చెవినా పడలేదు. కమాండరు రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకుని, బెంచీ మీదే నిద్రపోయాడు. మేధావులు అలాగే ఉంటారని లెక్కల మాస్టారు అందరికీ వివరించాడు. మర్నాటికల్లా గేటు దగ్గర అతని ఫ్లెక్సీ లేచింది.

ఇక నవల సంగతి. పాత్ర ఖాళీ అయితే వారంలోగా భర్తీ చెయ్యాలని నిబంధన ఉంది. ప్రిన్సిపాల్ జాహ్నవి పేరు సూచించాడు. హాస్టల్ అలవాటున్న పిల్ల, పైగా కథ తెలుసు.

తండ్రి ఆంజనేయులు పొంగిపోయాడు. ఆకాశంలో సీటు అందరికీ వస్తుందా అని బంధువులందరికీ ఫోన్లు చేశాడు. తల్లి నాగమల్లేశ్వరి, సెలవులకి పంపుతారా అని మాత్రం అడిగింది. కథలో సెలవులు లేవని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, నేను ఇంటికొచ్చేస్తానమ్మా," అంది జాహ్నవి, తల్లి కొంగు పట్టుకుని.

నాగమల్లేశ్వరి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. అయినా అందరు తల్లులూ అనే మాటే ఆమె నోటికి వచ్చింది. "కొన్నాళ్లు ఓర్చుకో తల్లీ. అలవాటైపోద్ది."

ఆమె పట్టుకొచ్చిన సున్నుండల డబ్బాని లోపలికి అనుమతించలేదు. జాహ్నవి కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి, పుస్తకంలోకి ఎక్కింది.

ఆ పుస్తకాన్ని నాగమల్లేశ్వరి ఇంటికి తెచ్చుకుంది. మొదటి పేజీలో, 'తల్లి గుమ్మం దాకా వచ్చింది' అని ఉంది. ఆ తర్వాత ఆమె ఎంత వెతికినా తల్లి ఎక్కడా లేదు. మళ్లీ స్కూలుకి వెళ్లి, నన్ను కూడా ఎక్కడో ఒకచోట పెట్టించండి సార్, వంటమనిషిగా అయినా ఫర్వాలేదు అని బతిమాలింది. తల్లులు కనబడితే పిల్లల ఏకాగ్రత చెడుతుందని, అందుకే అన్ని పుస్తకాల్లోనూ మొదటి పేజీతో సరిపెడతారని ప్రిన్సిపాల్ నచ్చజెప్పాడు.

అది కూడా నిజమే అనుకుంది. ఇప్పుడామె మొదటి పేజీ ఒక్కటే చదువుతుంది. మిగతావి ఆంజనేయులు చదివి, అమ్మాయి ఎన్నో ర్యాంకులో ఉందో భోజనాల దగ్గర చెబుతాడు. ఆమె చారు పోస్తూ, మంచిదే కదండీ అంటుంది.