మూడు తాళాల కంప్యూటర్

శుక్రవారం ఉదయం ఇడ్లీ తింటూ కీర్తన తన ప్లాను చెప్పింది. ఇవాళ ద్వారకానగర్ వెళ్ళి కంప్యూటర్‌కి కావలసిన భాగాలు ఎంచుకోవాలి. రేపు బిగించాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆడాలి.

ఆదివారం ఆట మామూలు ఆట కాదు. హైదరాబాదులోని ఒక గేమింగ్ జట్టు కొత్త వాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో పరీక్ష పెట్టింది. వైజాగ్ మొత్తంలో పిలుపు వచ్చింది కీర్తన ఒక్కదానికే. ఆమె పాత లాప్‌టాప్ ఆ ఆట తెరవగానే ఆయాసపడి ఆరిపోతుంది. నాలుగింటికి లాగిన్ కాకపోతే ఆమె పేరు కొట్టేసి తరవాతి పేరు పిలుస్తారు. మళ్ళీ అవకాశం లేదు.

తండ్రి చలమయ్య స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఫోర్‌మన్. తణుకు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి గాజువాకలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డాడు. కంప్యూటర్ ఆటల గురించి ఆయనకేమీ తెలియదు. మెషీన్ల గురించి మాత్రం తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం.

"పదమ్మా, నేనూ వస్తాను. ఏం కొంటున్నావో చూడాలి కదా" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

ప్రమాదం ఆ ఒక్క మాటతో ఇంట్లోకి అడుగుపెట్టింది. అప్పటికి ఎవరూ గమనించలేదు.

ద్వారకానగర్ షాపు సాయిశంకర్‌ది. కీర్తనకి కాలేజీలో సీనియర్. అద్దాల బల్ల మీద ఒక్కో భాగం పరుస్తుంటే చలమయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగి చూశాడు.

"ఇదేంటి బాబూ?"

"ప్రాసెసర్ అంకుల్. మెదడు లాంటిది."

"ఎంత వేడెక్కుద్ది?"

"గట్టిగా ఆడితే తొంభై డిగ్రీల దాకా."

చలమయ్య కళ్ళల్లో గౌరవం కనిపించింది. "మరి ఇది?"

"గ్రాఫిక్స్ కార్డు. తెర మీద కనపడేవన్నీ ఇదే గీస్తాది. అన్నిటికన్నా ఎక్కువ కరెంటు తాగేది కూడా ఇదే."

"అయితే ఈ పవర్ సప్లై చాలదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారి గుంజుద్ది చూడు, ఇది కూడా అలా గుంజుద్దా? గుంజితే మార్జిన్ ఏదీ?"

సాయిశంకర్ తెల్లబోయాడు. షాపు పెట్టాక ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈయనే. మారుమాట్లాడకుండా ఒక సైజు పెద్దది తీసి పెట్టాడు. కీర్తన తండ్రి వంక గర్వంగా చూసింది. మదర్‌బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ ఇద్దరూ కలిసే ఎంచారు. సాయిశంకర్ వాటిని బల్ల మీదే కలిపి, ఆట ఎక్కించి, నడిపి చూపించాడు. అంతా సవ్యంగా ఉంది. చివరికి అన్నిటినీ పెట్టుకునే క్యాబినెట్ మిగిలింది.

చలమయ్య దాని పక్క రేకుని బొటనవేలితో నొక్కాడు. అది లోపలికి పోయి మళ్ళీ బయటికొచ్చింది. రెండో పక్క గాజు.

"గాజేంటమ్మా?"

"లోపల లైట్లు కనపడతాయి నాన్నా."

"ఈ రేకు మన ఉప్పు గాలికి ఏడాది ఆగదు. ఫ్రిజ్జు అడుగు ఏమైంది? నా స్కూటర్ సైలెన్సర్ ఏమైంది? తిరిగే మెషీన్‌కి, వేడెక్కే మెషీన్‌కి గాజు తలుపు పెడతారా ఎవరైనా? లోపలివన్నీ నీ ఇష్టం. డబ్బా నాకొదిలెయ్."

బేరం న్యాయంగానే ఉందనిపించింది కీర్తనకి. ఒప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే చలమయ్య ఆటోనగర్‌లో తవిటయ్య వెల్డింగ్ షెడ్డులో ఉన్నాడు. తవిటయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. ఇద్దరికీ చుట్టరికం లేదు కానీ ఇరవై ఏళ్ళుగా బావా అంటే బావా. చలమయ్య సుద్దముక్క తీసి నేల మీద బొమ్మ గీశాడు.

"మెషీన్‌కి గార్డు కావాలి బావా. ముందు తలుపు, వెనక కేబుళ్ళకి కన్నాలు, గాలికి జల్లెడ. రేపటికి."

"గార్డే గదా. ఏటి మెషీన్ బావా?"

"వేడెక్కేది. ఫ్యాన్లు తిరుగుతాయి."

తవిటయ్య ఇంకేమీ అడగలేదు. తిరిగే చోట ఎవరి చెయ్యీ పడకుండా చుట్టూ మూసే గార్డులు, చలమయ్య చెబితే కన్వేయర్లకీ పంపులకీ వంద చేసిన చెయ్యి అది.

ఆ వృత్తిలో ఒక అలవాటుంది. ఎవరు ఏ కొలత చెప్పినా విన్నవాడు దాని మీద కొంత కలుపుకుంటాడు. తక్కువైతే తిడతారు, ఎక్కువైతే ఎవరూ అడగరు. సాయిశంకర్ ఇచ్చిన కొలతకి చలమయ్య గాలి ఆడాలని కొంత కలిపాడు. చలమయ్య గీసిన బొమ్మకి తవిటయ్య చెయ్యి తిరగాలని ఇంకొంత కలిపాడు. పల్చటి ఇనప ప్లేటు కోసం వెతికిన తవిటయ్యకి అది దొరకలేదు. ఓడ రిపేరులో మిగిలిన పది ఎంఎం మందం ప్లేటు దొరికింది.

"సముద్రంలో ముంచినా ఏటీ అవదు" అని తవిటయ్య సంతోషించాడు. రంగు వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. ఓడ ప్లేటుకి రంగెందుకులే అనుకున్నాడు.

శనివారం ఉదయం ఆ పెట్టె హైడ్రా క్రేన్‌కి వేలాడుతూ వచ్చింది. బీరువాలో సగం ఉంది. మొదటి అంతస్తు బాల్కనీ గ్రిల్లు విప్పి, క్రేన్ కొమ్ము లోపలికి చాచి, పెట్టెని గచ్చు మీద దించారు. అక్కణ్ణుంచి కింద ఇనప గొట్టాలు పరిచి దొర్లించుకుంటూ హాల్లోకి చేర్చారు. అపార్టుమెంటు మొత్తం బాల్కనీల్లోకి వచ్చింది.

అందరికన్నా ముందు వచ్చినవాడు పోలిరాజు. అసోసియేషన్ ప్రెసిడెంటు. సరిగ్గా కింది ఫ్లాటే ఆయనది.

"ఏటండి మంగాయమ్మ గారూ అది? నా నెత్తి మీద ఏటి పెడుతున్నారో నాకు తెలియాల గదా!"

చలమయ్య భార్య మంగాయమ్మకి దిష్టి భయం. ఏ పనైనా పూర్తయ్యేదాకా బయటికి చెప్పదు. కూతురి ఆట సంగతి ముందే తెలిస్తే నలుగురి కళ్ళూ పడి ఆట పోతుందని ఆమె బెంగ. ఇంట్లో అందరిచేతా ముందే ఒట్టు వేయించింది.

"ఏముందండీ, పాత సామాను" అంది.

పాత సామాను కోసం క్రేన్ తెచ్చుకున్నవాళ్ళని పోలిరాజు జన్మలో చూడలేదు. మధ్యాహ్నానికల్లా అపార్టుమెంటు నోళ్ళలో అది ఇనప్పెట్టె అయింది. సాయంత్రానికి అందులో బంగారం చేరింది.

ఈ లోపల హాల్లో సాయిశంకర్ స్క్రూడ్రైవరు పట్టుకుని పెట్టెలోకి తల పెట్టి ఆగిపోయాడు.

"అంకుల్, మదర్‌బోర్డు దేనికి బిగించాలి? ఒక్క కన్నం కూడా లేదు."

"గార్డుకి మెషీన్ బిగించరు బాబూ. మెషీన్ దాని మానాన అది ఉంటది. చుట్టూ గార్డుంటది."

చివరికి మంగాయమ్మ వంటింటి పీట వచ్చింది. "మా అమ్మ ఇచ్చిన పీట అది!" అని ఆమె అంటూనే ఉంది. సాయిశంకర్ భాగాలన్నీ పీట మీద బిగించి, తలుపులోంచి లోపలికి తోసి, గచ్చు మీద చక్కగా సర్దాడు. కీర్తన చెయ్యి పెట్టి కేబుళ్ళు కట్టింది. పెట్టెతో పాటు వచ్చిన తవిటయ్య తలుపు అంచు తడిమి చూశాడు.

"గరుకుగా ఉన్నాది. అమ్మాయి సెయ్యి కోసుకుపోద్ది. రేపు పొద్దున్న ఆకురాయితో నున్నగా సేసేత్తాను."

"అయితే తాళాలు వెయ్యండి" అన్నాడు చలమయ్య.

ప్లాంట్ల్లో అదొక పద్ధతి. మెషీన్‌లో చెయ్యి పెట్టిన ప్రతివాడూ తన సొంత తాళం వేయాలి. పని పూర్తయ్యాక తన తాళం తనే తీయాలి. అన్ని తాళాలూ ఊడితేనే మెషీన్ తిరుగుతుంది. కంప్యూటర్ స్విచ్చి లోపలుంది కనక తాళాలు తలుపుకి పడ్డాయి. సాయిశంకర్‌ది ఒకటి, కీర్తనది ఒకటి, తవిటయ్యది ఒకటి. ఎవరి తాళం చెవి వాళ్ళ జేబులో.

అదే సమయానికి ఎదురింటి రోజారమణి పంచదార అడగడానికి వచ్చింది. మూడు తాళాలు చూసింది. పంచదార మరిచిపోయి వెళ్ళిపోయింది.

"బ్యాంకులో కూడా రెండే తాళాలండీ!" అని ఆ రాత్రి అందరికీ చెప్పింది.

ఆదివారం ఉదయం సాయిశంకర్ వచ్చాడు. అతనూ కీర్తనా తమ తాళాలు తీసేశారు. వస్తానన్న తవిటయ్య దగ్గర్నుంచి మాత్రం ఫోన్ వచ్చింది.

"బావా, యారాడలో ఉన్నాను. మా మేనల్లుడికి సెవులు కుట్టిత్తన్నారు. మేనమామని గదా, నా ఒళ్ళోనే కూకోబెట్టాల. ఒక్క గంట, వొచ్చేత్తన్నాను."

గంట తరవాత: "కంసాలి ఇంకా రాలేదు బావా."

భోజనాల వేళకి: "కంసాలి వొచ్చినాడు గానీ పిల్లాడు పారిపోనాడు. ఎతుకుతన్నారు."

ఇక్కడ రోజారమణి చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడింది. "వదినా, మేం అరకు వెళ్తున్నాం. మా నగలు నాలుగు రోజులు మీ పెట్టెలో ఉంచుతారా?" మంగాయమ్మ ఉంచుతాననలేదు, ఉంచననీ అనలేదు. రోజారమణి దాన్ని అంగీకారం కింద తీసుకుని కుర్చీలో కూర్చుంది. పోలిరాజు తన మంచం వాకిట్లో వేయించి, స్లాబు పరిస్థితి చూడాలంటూ పైకొచ్చాడు. ఆయన వెనక మరో పదిమంది.

మూడు దాటాక ఆఖరి ఫోన్.

"ఒక సెవి అయింది బావా! ఏడుపు ఆపలేక నా ఫోన్ సేతిలో ఎట్టినాం. గేమ్ ఆడతన్నాడు. ఛార్జింగ్ అయిపో..."

అంతే. తరవాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. యారాడ కొండ దిగి, పోర్టు లారీలు దాటుకుని తవిటయ్య రావాలంటే ఎంత తక్కువైనా గంట.

"నాన్నా, తాళం పగలగొట్టండి" అంది కీర్తన.

"కుదరదమ్మా."

"అది కన్వేయర్ కాదు నాన్నా! కంప్యూటర్! కరెంటు కూడా ఇవ్వలేదు!"

"నా దగ్గర గునపం ఉన్నాది" అన్నాడు పోలిరాజు ఆశగా.

చలమయ్య పెట్టెకి అడ్డంగా నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. "కుర్రతనంలో చిన్న ఫ్యాక్టరీలో చేసేవాణ్ణమ్మా. ఒకడు తొందరపడి పక్కవాడి తాళం కోశాడు. పక్కవాడి చెయ్యి లోపలే ఉంది. అప్పట్నించి నేను ఇంకొకడి తాళం ముట్టుకోలేదు. ఇవాళ నీ కోసం ముట్టుకుంటే రేపు ఎవరికి ఏమని చెప్పను?"

"పిల్ల భవిష్యత్తు కన్నా ఆ తాళం ఎక్కువా?" అంది మంగాయమ్మ. ఎక్కువ కాదని ఆయన ముఖమే చెబుతోంది. కాళ్ళు మాత్రం కదలలేదు.

కీర్తన కళ్ళు తుడుచుకుంది. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని మొదటిసారి పరాయిదాన్ని చూసినట్టు చూసింది. ఉన్నట్టుండి తల తిప్పింది.

"సాయీ, నిన్న పీట ఎక్కడ పెట్టావు?"

"లోపల."

"లోపల దేని మీద?"

"టైల్స్ మీద. మీ హాల్లో పువ్వుల టైల్ ఉంది కదా, సరిగ్గా పువ్వు మధ్యకి వచ్చేలా..." సాయిశంకర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

అందరూ చలమయ్య వైపు తిరిగారు.

"గార్డుకి అడుగెందుకుంటది? ఫౌండేషనే దాని అడుగు" అన్నాడు చలమయ్య, అదో పెద్ద విషయమా అన్నట్టు. అన్నాక తన మాట తనకే వినిపించింది.

"తాళం తలుపుకే కదా నాన్నా?"

"తలుపుకే."

"ఎత్తకూడదని రూల్ ఉందా?"

చలమయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. తవిటయ్య చేతులు రెండూ ఈ క్షణాన యారాడలో మేనల్లుణ్ణి పట్టుకుని ఉన్నాయి. అందులో అనుమానం లేదు. "లేదు" అన్నాడు.

కానీ అది ఓడ ప్లేటు. ఇంట్లో ఉన్నది నలుగురు. ఆయన గుమ్మం దగ్గరి గుంపు వైపు తిరిగాడు.

"లోపల ఏముందో చూడాలని ఉందా మీకు?"

అందరి కళ్ళూ అవునన్నాయి.

"అయితే తలో చెయ్యీ వెయ్యండి. పోలిరాజు గారూ, ఆ గునపం తెప్పించండి!"

రెండు రోజులు ఆపుకున్న కుతూహలానికి హైడ్రా క్రేన్‌కి ఉన్నంత బలం ఉంటుంది. రోజారమణి కూడా నగల సంచీ చంకలో పెట్టుకుని ఒక చెయ్యి వేసింది. గునపం కింద దూర్చి, ఓ... హైసా అంటూ కోడిగంప అంచు ఎత్తినట్టు పెట్టెని ఒక పక్క ఎత్తారు. కీర్తన నేల మీద పడుకుని పీటని ఇవతలికి లాగింది. పెట్టె మళ్ళీ ధన్‌మని కూర్చుంది. కింది ఫ్లాటులో ఏదో పగిలింది. పోలిరాజు వినిపించుకునే స్థితిలో లేడు.

"ఏటిది?" అన్నాడు పీట వైపు వంగి.

"కంప్యూటరండీ."

"ఇంతేనా? దీనికా అంత మందం ఇనుము?"

రోజారమణి సంచీ గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది. కానీ ఇంటికి వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు. కీర్తన గదిలో పీట మీద ఫ్యాన్లు తిరిగాయి, రంగు లైట్లు వెలిగాయి. నాలుగు కొట్టడానికి ముందే తెర మీద ఆమె పేరు పడింది. మంగాయమ్మ గబగబా పీట చుట్టూ నిమ్మకాయ తిప్పింది. ఆ తరవాత గదిలో కీబోర్డు చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా, కీర్తన ఊపిరి బిగిస్తే అందరూ బిగించారు, వదిలితే అందరూ వదిలారు.

ఆట అయ్యాక హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. కీర్తనని రిజర్వు ప్లేయరుగా తీసుకున్నారు.

"రిజర్వా?" అంది మంగాయమ్మ కాస్త నిరాశగా.

"స్టాండ్‌బై మోటారు" అన్నాడు చలమయ్య. "అసలుది ఆగితే అందుకునేది అదే. అది లేకుండా ఏ మిల్లూ నడవదు."

చీకటి పడుతుండగా తవిటయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా నిండా కుంకుమ, ఒక చేతిలో ఆకురాయి, ఇంకో చేతిలో తాళం చెవి. హాల్లో ఎవరూ లేరు. పెట్టెకి మిగిలింది తన తాళం ఒక్కటే. తీశాడు. తలుపు తెరిచాడు. లోపల పువ్వుల టైల్ కనిపించింది.

"ఓలమ్మో! బావా! మెషీన్ ఎత్తుకెల్లిపోనారు! నా తాళం ఏసింది ఏసినట్టే ఉన్నాది!"

చలమయ్య గదిలోంచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తాళం నువ్వే తీశావు కదా బావా. అదీ పద్ధతి."

కంప్యూటర్ ఇప్పటికీ పీట మీదే ఉంది. ఉప్పు గాలికి ఆ ఏడాది ఆ ఇంట్లో మొదట తుప్పు పట్టింది ఆ పెట్టే.