మంత్రిగారి మొదటి బండి

బోడాల సంక్షేమ మంత్రి, గౌరవనీయ బల్తజారి స్సెంబుజే గారు యాభై తొమ్మిదో ఏట మోటార్‌సైకిల్ నేర్చుకోబోతున్నారని రేడియో చెప్పింది. కంపాలా నడిబొడ్డులో మా బోడాలు, అదే కిరాయి మోటార్‌సైకిళ్లు, ఉండాలా, పోవాలా అన్నది స్వయంగా నడిపి చూశాకే తేలుస్తారట. మార్కెట్ మూల స్టేజీలో మనుషుల్ని వెనక ఎక్కించుకుని బతికే నలభై మందికి నేను చైర్మన్‌ని. నిర్ణయానికి ముందే సంగతి తెలుసుకుంటానన్న మంత్రిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

బండి ఎంపికకు నన్నే సలహాదారుగా పిలిచారు.

"ఈ వయసులో మొదటి బండంటే తేలిగ్గా ఉండాలి సార్. రెండు కాళ్లూ నేలకానాలి. పాతదైతే మరీ మంచిది, పడేసినా బాధుండదు."

"నేను పడేస్తానా? నా హోదాకి తగ్గది చూపించవయ్యా."

హోదా పన్నెండువందల సీసీ దగ్గర తేలింది. ఎక్కితే కాళ్లు గాల్లో వేలాడాయి. కార్యదర్శి వెంటనే రోడ్డు ఎత్తు పెంచాలని ప్రతిపాదన రాసుకున్నాడు. అది మంజూరయ్యేలోగా బండి ఒక కానిస్టేబుల్ కాలి మీదికి ఒరిగింది.

అప్పుడు మంత్రిగారి చూపు నా బండి మీద పడింది. తొమ్మిదేళ్లది, సీటు అరిగి కిందికి దిగింది. కాళ్లు ఆనాయి.

"ఇదీ ప్రజల బండంటే," అన్నారు. గర్వంగా తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

మా స్టేజీలో కొత్తగా చేరినవాడు మొదట చైర్మన్‌ని ఎక్కించుకుని మార్కెట్ చుట్టూ తిప్పాలి. ఆచారం తప్పకూడదని వెనక కూర్చున్నాను. మంత్రిగారు తాళంచెవి జేబులో వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నారు. పన్నెండుమంది పోలీసులు వెనకనుంచి తోశారు. ఎదుట కెమెరాలు.

"చైర్మనూ, నడిచేది బండి కాదయ్యా, పోలీసులు," అంది చపాతీలమ్మే నలోంగో.

"ఊరుకోమ్మా, నలభై మంది కూటి వ్యవహారం," అన్నాను.

మంత్రిగారు చెమట తుడుచుకుంటూ దిగారు. "మీ కష్టం నాకిప్పుడు తెలిసింది," అన్నారు కెమెరాల వైపు తిరిగి.

మర్నాడు నివేదిక వచ్చింది. ఒక్క బోడా కదలాలంటే పన్నెండుమంది తోయాలని మంత్రిగారి స్వానుభవంలో తేలిందట. అంతమందికి నగరంలో చోటు లేదు కాబట్టి సోమవారం నుంచి బోడాలు నిషేధం.

ఆఫీసుకి పరుగెత్తాను. ఏది ఏమైనా మంత్రిగారు నిజాయితీపరులు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలోనే పెట్టారు.

"ఇదెందుకిచ్చావో అప్పుడే అడుగుదామనుకున్నానయ్యా," అన్నారు.