ప్రశంసా సలహాదారు

ఇకమీదట తనను ఎవరు పొగిడినా ఇంగ్లీషులోనే పొగడాలని మంచినీళ్ల శాఖ మంత్రిగారు పత్రికలవాళ్లను పిలిచి మరీ ప్రకటించారు. "మన భాషలో పొగిడితే మన వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇంగ్లీషులో పొగిడితే పెట్టుబడులు వస్తాయి" అన్నారు. ఇంత దూరాలోచన అంతకుముందు ఏ మంత్రికీ రాలేదు. పాపం, వాళ్లంతా నీళ్ల గురించే ఆలోచిస్తూ పదవీకాలం పాడుచేసుకున్నారు.

పొగడ్తకు ఒక పద్ధతంటూ ఉండాలి కదా. అందుకని ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్న ఒక లెక్చరర్‌ను డెప్యుటేషన్ మీద తెచ్చి, 'ప్రశంసా సలహాదారు' అని తలుపుకు బోర్డు తగిలించి కూర్చోబెట్టారు. లెక్చరర్ ఎగిరి గంతేశాడు. బోర్డు చూసి కాదు. ఆయన భార్య ఎక్కడో దూరాన వేరే ఊరి ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ల పాప ఆవిడ దగ్గరే పెరుగుతోంది. "నాన్న ఏడమ్మా?" అని అడిగితే ఆ పిల్ల సెల్‌ఫోన్ చూపిస్తుంది. ఆ ఊరికి బదిలీ కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. మంత్రిగారు ఒక్క మాట అంటే చిటికెలో పని అని పి.ఏ. చెవిలో వేశాడు.

మొదటి పాఠం మంత్రిగారి గదిలోనే జరిగింది.

"గుడ్ అంటే ఏపాటిదయ్యా?" అని అడిగారు మంత్రిగారు.

"పర్వాలేదు సార్. కుళాయి బాగుచేస్తే అనొచ్చు."

"మనం కుళాయిలు బాగుచేయం కదా. పైది చెప్పు."

"వెరీ గుడ్. దాని పైన ఎక్సలెంట్. ఆ పైన ఔట్‌స్టాండింగ్."

"గుడ్ తీసెయ్. వెరీ గుడ్ ప్రతిపక్షం వాళ్లకు వదిలెయ్. ఎక్సలెంట్ నుంచి మొదలుపెడదాం."

మర్నాటినుంచి విన్నపాలతో వచ్చేవాళ్లకు గేటు దగ్గరే శిక్షణ మొదలైంది. ఎక్సలెంట్ అననిదే లోపలికి వదలరు. ఒక ముసలావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. లెక్చరర్ ఆవిడకు ఓపిగ్గా ఆ మాట పలకడం నేర్పి, నోరు తిరిగిందని నమ్మకం కుదిరాక లోపలికి పంపాడు.

"ఎక్సలెంట్ బాబూ! మా వీధిలో నీళ్లు..."

"థాంక్యూ" అంటూ మంత్రిగారు లేచి కారెక్కేశారు. ముసలావిడ వెనక్కి తిరిగి లెక్చరర్‌ను చూసింది. "మిగతాది ఎప్పుడు చెప్పాలి నాయనా?" అని అడిగింది. ఆయనకు మనసు చివుక్కుమంది. కానీ పాప గుర్తుకొచ్చి, "అది రెండో పాఠం అవ్వా" అన్నాడు.

ఈలోగా కొత్త వాటర్ ట్యాంకు ప్రారంభోత్సవ సభ దగ్గరపడింది. ట్యాంకు పూర్తయింది. నీళ్లు తరువాతి విడతలో వస్తాయి. సభలో తనకు చప్పట్లు ఏ స్థాయిలో ఉండాలని మంత్రిగారు ఆరా తీశారు.

"అన్నిటికంటే పెద్దది స్టాండింగ్ ఒవేషన్ సార్. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది" అన్నాడు లెక్చరర్.

"లేస్తారంటావా?"

"కుర్చీలు వేయడం మానేద్దాం సార్" అన్నాడు పి.ఏ. "ఇక కూర్చునే గొడవే ఉండదు."

"అలా కుదరదండీ" అన్నాడు లెక్చరర్, వృత్తిధర్మం కొద్దీ. "ముందు కూర్చోవాలి. తరువాత లేవాలి. లేవడంలోనే ఉంది ప్రశంస."

పి.ఏ. తల గోక్కున్నాడు. "అయితే ఉపన్యాసం అయిన క్షణాన, పక్క హాల్లో భోజనాలు రెడీ అని మైకులో చెబుతా. ఎందుకు లేవరో చూద్దాం. చప్పట్లు రికార్డు పెట్టుకుందాం."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. ఆ ఉత్సాహంలోనే, ఇంతకంటే గొప్ప మాట ఇంగ్లీషులో ఏదైనా మిగిలిందా అని అడిగారు. లెక్చరర్ ఆ మాటను ఇన్నాళ్లూ దాచి ఉంచాడు. ఇదే అదను అనుకున్నాడు.

"ఇన్‌డిస్పెన్సబుల్ సార్. ఆ మనిషి లేకపోతే ఇక పనే జరగదు అని అర్థం. దాన్ని మించింది లేదు."

మంత్రిగారు ఆ మాటను చాలాసేపు నోట్లో నానబెట్టుకున్నారు. లెక్చరర్ బదిలీ దరఖాస్తు బల్లమీద పెట్టి, చేతులు నులుముకుంటూ సంగతి కదిపాడు. పాప ఫోన్ చూపించే సంగతి కూడా చెప్పాడు. మంత్రిగారు నిజంగానే కరిగిపోయి ఆయన భుజం తట్టారు.

"నీ సంగతి రేపు సభలో నేనే తేలుస్తాను. పో."

లెక్చరర్ ఆ సాయంత్రమే భార్యకు ఫోన్ చేశాడు. "రేపు టీవీలో లైవ్ వస్తుంది, చూడు. పాపకు కూడా చూపించు. నేను సామాను సర్దుతున్నా."

సభ అనుకున్నట్టే జరిగింది. ఉపన్యాసం ముగిసింది, పి.ఏ. భోజనాల మాట చెప్పాడు, హాలు మొత్తం ఒక్క ఉదుటున లేచింది. స్పీకర్లలోంచి చప్పట్లు హోరెత్తాయి. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. పక్క హాలు తలుపులు మాత్రం ఇంకా తీయలేదు.

"ఆగండి!" అన్నారు మంత్రిగారు. "నా వెనక ఉన్న ఒక మహానుభావుణ్ణి మీకు చూపించాలి." లెక్చరర్‌ను వేదిక మీదికి లాగి పక్కన నిలబెట్టుకున్నారు. "ఎక్సలెంట్ మనిషి! ఔట్‌స్టాండింగ్ మనిషి! ఇలాంటివాణ్ణి ఎక్కడికో బదిలీ చేయాలని నా దగ్గరికి ఒక దరఖాస్తు వచ్చింది. నేను బతికుండగా అది జరగనిస్తానా? చించి అవతల పారేశాను! ఎందుకంటే ఈయన..." అని ఊపిరి తీసుకుని, ఒక్క అక్షరం కూడా తప్పకుండా, "ఇన్‌డిస్పెన్సబుల్!" అన్నారు.

ఈసారి రికార్డు అవసరం లేకపోయింది. చప్పట్లు కొడితేగాని తలుపులు తీయరని జనానికి అర్థమైపోయింది. చేతులు ఎర్రబడేలా కొట్టారు. ఆ ప్రభుత్వం వచ్చాక జరిగిన మొట్టమొదటి అసలైన స్టాండింగ్ ఒవేషన్ అదేనని మర్నాడు పత్రికలు రాశాయి. లెక్చరర్ చేతులు జోడించి, ఏం చేయాలో తోచక, నవ్వుతూ నిలబడ్డాడు.

హాలు ఖాళీ అయ్యాక ఫోన్ మోగింది.

"చూశాను" అంది భార్య.

"పాప చూసిందా?"

"చూసింది. చప్పట్లు కూడా కొట్టింది."

"నన్ను గుర్తుపట్టిందా?"

"లేదండీ. టీవీలో అందరూ కొడుతున్నారు కదా, అందుకని కొట్టింది."