వాద్యాల పద్దులో హైమావతి

సంగీత కళాశాలలో వీణ నేర్పే హైమావతి సోమవారం నాటికి మెడ నుంచి నడుం దాకా వీణలు చేసే పనసచెక్క అయిపోవడంతో, ఆమెను ఉద్యోగుల పద్దులోంచి తీసేసి వాద్యాల పద్దులో వేశారు. భుజం మీద కొట్టి చూడగా మంచి పాత పనస మోత వచ్చిందని తనిఖీకి వచ్చినాయన రాసుకుపోయాడు. ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుని వాయించేవాళ్లకి ఇది మామూలేనట. ఫ్లూటు మేష్టారు నిరుడే వెదురయ్యాడు.

కబురు ఆమె భర్త భుజంగరావుకి చేరింది. ఆయన పాటలు రాస్తాడు. రాసి రాసి మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆ మెడతోనే ఆటో ఎక్కి, పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకుందామని పరిగెత్తాడు.

వాద్యాల గది తాళం స్టోరు గుమాస్తా తవిటినాయుడి దగ్గర ఉంది.

"గాబరా పడకండి బాబూ. అమ్మగారు బాగానే ఉన్నారు. వాద్యం గుమ్మం దాటాలంటే మాత్రం ప్రిన్సిపాల్ గారి సంతకం ఉండాల."

"వాద్యమేమిటయ్యా! మా ఆవిడ!"

"ఆవిడే బాబూ. వాద్యమే."

అతను తాళం తీస్తే, లోపల వీణల వరసలో, భుజాల దాకా పట్టుగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది హైమావతి. ఆయా ఒకామె ఆవిడ ఎడమ మణికట్టుకి గోరువెచ్చటి నూనె రాస్తోంది. నిబంధనల ప్రకారం ఏ వాద్యాన్నయినా గంటసేపు వాయిస్తే కాసేపు పక్కన పెట్టాలి, తీగలు వదులు చెయ్యాలి. హైమావతికి తీగల్లేవు కనక భుజాలు తిప్పిస్తున్నారు, వేళ్లు సాగదీయిస్తున్నారు, పొద్దున్నే వరండాలో నడిపిస్తున్నారు. మనిషిగా ఉన్నప్పుడు ఆవిడ పాఠానికీ పాఠానికీ మధ్య చేతులు విదిల్చుకునే వ్యవధి అడిగితే, మనుషుల మరమ్మతుకి నిధుల్లేవన్నారు. వాద్యాలకి ఏటేటా వస్తాయి.

"హైమా, లే, ఇంటికి పోదాం. ఇదేం ఘోరం!"

"ఉంగరపు వేలు కదులుతోందండీ," అందావిడ, కదిపి చూపిస్తూ. "రెండేళ్లుగా తిమ్మిరెక్కి ఉంది. మీరు గమనించలేదు లెండి."

"చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణిగా!"

"మనింట్లో వీణకి గుడ్డ కప్పేది మీరే. జల్లు కొడితే లోపలికి తెచ్చేదీ మీరే. అది చెప్పిందా? నేను తడిసొచ్చినరోజు కాఫీ ఏదన్నారు."

అబద్ధమందామంటే నిజమాయె. పైగా ఆవిడ ముఖం ఎంత తేటగా ఉందంటే, పెళ్లయ్యాక అలా ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు. అది చూశాకే, ఈవిడిక ఇంటికి రాదేమోనని ఆయనకి అసలు భయం పట్టుకుంది.

వాద్యాల విశ్రాంతి వేళైందని తవిటినాయుడు తలుపు మూయబోయాడు.

"నాయుడూ, పాటలు రాసేవాళ్లు ఏ పద్దులోకొస్తారయ్యా?"

తవిటినాయుడు ఆయన మెడ మీద వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఇంకా మెత్తగానే ఉన్నారు బాబూ. పూర్తిగా బిగిసేదాకా ఏ పద్దులోకీ రారు."

భుజంగరావు తిన్నగా ఇంటికెళ్లి, రాయాల్సిన పాటేదీ లేకపోయినా, కాగితం ముందు కదలకుండా కూర్చున్నాడు.