శోభ చెప్పనన్న పేరు

ఆ ఆదివారం పొద్దున శోభ పెట్టుకున్న పని ఒక్కటే. సిరిసిల్ల స్విమ్మింగ్ పూల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మధ్యలో కాలు కింద పెట్టకుండా వెల్లకిలా ఈదాలి. ముప్పై ఏళ్లు సాంచాల కార్ఖానాలో, మరమగ్గాలకు నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె మోకాళ్లు అరిగాయి. ఈత మంచిదని డాక్టర్ అన్నప్పటి నుంచి ఆడవాళ్లకు కేటాయించిన గంటలో రోజూ వెళ్తోంది.

భర్త సత్తయ్యకు అది నచ్చలేదు. "యాభై ఏండ్లకు గీ ఈతలేందే? నలుగురు నవ్వరా?" అన్నాడు చాయ్ తాగుతూ.

"నవ్వేటోళ్లను వాళ్ల మోకాళ్లు నాకియ్యుమను. గప్పుడు బంద్ జేస్త," అని ఆమె సంచి భుజాన వేసుకుంది.

సగం దూరం బాగానే సాగింది. అదే సమయానికి అవతలి గోడ నుంచి, తనలాగే ఈతకొచ్చే రజని టీచర్ కూడా వెల్లకిలానే బయల్దేరింది. ఇద్దరి కళ్లూ ఆకాశం మీదే ఉన్నాయి. ఈదే దారులను వేరుచేసే తాడు మధ్యలో లేదు. రెండు తలలు ఠంగుమన్నాయి.

కోచ్ సంధ్యారాణి విజిల్ వేసి నీళ్లలోకి దిగింది. శోభ మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, మరో ఇద్దరి సాయంతో గట్టుకు చేర్చింది. శుభ్రమైన తువాలు మడిచి, రక్తం కారుతున్న చోట అదిమి పట్టింది. రజని నెత్తిన బొప్పి కట్టింది. ఆమె బట్టలో ఐసుగడ్డ చుట్టి పెట్టుకుని పక్కనే కూర్చుంది.

తలకు దెబ్బ తగిలినవాళ్లను ప్రశ్నలడిగి చూడాలని సంధ్యారాణి శిక్షణలో నేర్చుకుంది.

"అక్కా, నీ పేరేంది?"

"శోభ."

"ఇయ్యాల ఏం వారం?"

"ఐతారం."

"మీ ఆయన పేరు?"

పెళ్లయిననాటి నుంచి ఆ పేరు శోభ నోట రాలేదు. రేషన్ కార్డు రాయించుకున్నప్పుడు కూడా పక్కింటావిడ చేత చెప్పించింది.

"నేను జెప్ప."

"యాదికొస్తలేదా అక్కా?"

"యాదికుంది. జెప్ప."

మరిచిపోయిన సంగతి దాస్తోందనుకుంది సంధ్యారాణి. అంబులెన్స్‌కు చెప్పి, ఆ వెంటనే సత్తయ్యకు ఫోన్ చేసింది. "సార్, అక్కకు తలకు దెబ్బ తాకింది. మాట్లాడుతుంది గని, మీ పేరు యాదికి లేదు."

సత్తయ్య కోరుట్లలోని అక్క లక్ష్మవ్వకు చెప్పేసరికి అది "మొగడే గుర్తు లేడట" అయింది. లక్ష్మవ్వ బోయినపల్లి చుట్టాలకు చెప్పేసరికి "మనుషుల్ని కరుస్తుందట" అయింది. పది గంటలకల్లా రెండు ఆటోలు, ఒక కారు ఆసుపత్రి ముందు ఆగాయి.

అప్పటికి శోభ తలకు నాలుగు కుట్లు పడ్డాయి. లక్ష్మవ్వ మంచానికి దూరంగానే నిలబడి అడిగింది. "శోభా, నేనెవ్వల్నే?"

"కోరుట్ల వదినెవు. నా పట్టుచీర కట్టుకపోయి మూడేండ్లాయె, ఇంక తెచ్చియ్యలే."

"పాపం, మతి మొత్తమే తప్పింది," అంది లక్ష్మవ్వ, అందరి వైపూ తిరిగి.

డాక్టర్ నచ్చజెప్పాడు. "మీ ఆయన పేరొక్కటి చెప్పమ్మా. సరిగా చెప్తే సాయంత్రం ఇంటికి పంపిస్త."

"పగిలింది నా నెత్తి. మీరు నోరెందుకు పరీక్ష జేస్తున్నరు?" అంది శోభ. "గా పూల్‌ల తాడు ఎందుకు గట్టలేదో గది అడుగుండ్రి. ఒకలు గిటు, ఒకలు గటు ఒక్క తొవ్వల్నే ఈదితే తలకాయలు తాకక ఏమైతయ్?"

సత్తయ్య కళ్లు తుడుచుకుని ముందుకొచ్చాడు. "ఇగ ఈత బంద్. మల్ల గా పూల్ దిక్కు పోయేది లేదు."

శోభ లేచి కూర్చుంది. "రాసుకోండ్రి డాక్టర్ సాబ్. గీయన పేరు సత్తయ్య! సత్తయ్య! ఇంకోపారి జెప్పాల్నా? సత్తయ్య! ఈత మాత్రం బంద్ జెయ్య!"

సత్తయ్య గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. "అయ్యో డాక్టర్ సాబ్! దెబ్బ లోపటికే తాకింది. ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు నా పేరు తియ్యలే!"

డాక్టర్ స్కానింగ్ రాశాడు.

స్కానింగ్‌లో ఏమీ లేదు. వాంతులైనా, తలనొప్పి పెరిగినా, పిలిస్తే పలకనంత మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురావాలని, తను సరేననే దాకా పూల్‌లో దిగొద్దని డాక్టర్ చెప్పాడు. ఆ మాటలన్నీ శోభ విన్నది. దిగొద్దన్నాడు గానీ గట్టున కూర్చోవద్దనలేదు. కట్టు కట్టిన తలతో ఆమె, బొప్పితో రజని, పూల్ యజమాని తాళ్లు కట్టించేదాకా మూడు పొద్దులు గట్టు మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్లు పెట్టించిన నియమం: పోయేవాళ్లకు ఒక పక్క, వచ్చేవాళ్లకు ఒక పక్క. ఒకరు గోడ చేరేదాకా ఇంకొకరు దూకకూడదు.

కుట్లు విప్పి, డాక్టర్ సరేనన్న మర్నాడు శోభ సంచి సర్దుకుంది. సత్తయ్య గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"సత్తయ్యా, జర పక్కకు జరుగు."

జరిగాడు.