తెగింది, అతుక్కోలేదు

ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా ప్రయోగం ఫలితం చూసుకోవాలి, తర్వాత భర్తకు ఫోన్ చేసి ఈ ఆదివారమైనా రమ్మనాలి. ఆయన ఆరు గంటల ప్రయాణం దూరంలో వంతెన కడుతున్నాడు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం "వచ్చే ఆదివారం" అంటున్నాడు. ఆయన విడిచిన చొక్కా ఒకటి అల్మారాలో ఉంది. ఉతకడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆమె పని చిక్కులతోనే. కణంలో డి.ఎన్.ఎ. పోగు మెలికలు పడితే ఒక ఎంజైము దాన్ని తెంపి, చిక్కు తీసి, మళ్ళీ అతికిస్తుంది. క్యాన్సర్ కణంలో ఆ అతుకు పడకుండా అడ్డుకుంటే కణం చస్తుంది. అలా అడ్డుకునే మందును మెరుగు చెయ్యాలని మూడేళ్లుగా తంటాలు పడుతోంది. పెళ్లయిందీ మూడేళ్ల కిందటే.

పదింటికి ఫలితం చూసి గంతేసినంత పని చేసింది. భర్త ఫోన్ ఎత్తలేదు. ఆనందం ఆగక తల్లికి చేసింది. అవతల కుక్కరు కూస్తోంది.

"తెగిందమ్మా! మళ్ళీ అతుక్కోలేదు!"

"ఏం తెగిందే?"

"అదేనమ్మా, మూడేళ్లుగా నలుగుతోంది కదా! మా సార్ కూడా శభాష్ అన్నారు. ప్రాణం ఎంత హాయిగా ఉందో!"

ఇవతల ప్రయోగశాలలో ఏదో యంత్రం కూత పెట్టడంతో ఆమె ఫోన్ పెట్టేసింది.

తల్లి ఉన్నచోటే చతికిలబడి చెల్లెలికి చెప్పింది. "అయ్యో అక్కా! ఇంతకీ ఆ సార్ ఎవరు?" అంది పిన్ని. ఆ ప్రశ్నను కడుపులో దాచుకోలేక తనే అమ్మాయి అత్తగారికి చేరవేసింది. అత్తగారు కొడుక్కి చేసింది.

"ఒరేయ్, ఊళ్లోవాళ్లకి వంతెనలు తర్వాత కడుదువుగాని, ముందు నీ కొంప చూసుకో!"

సాయంత్రం ప్రయోగశాల గేటు దగ్గర దుమ్ము కొట్టుకుపోయిన మనిషి నిలబడ్డాడు. నెత్తిమీద హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయాడు.

"మీరా!" అంటూ ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"తప్పు నాదే. ఎలాగోలా మళ్ళీ అతికించుకుందాం."

"అతుక్కుంటే మందు పనిచెయ్యదండీ!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ నుంచి పిన్నికి, పిన్ని నుంచి అత్తగారికి మాట ఎలా చేరిందో బోధపడ్డాక నవ్వీ నవ్వీ ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి నవ్వుకు వచ్చినవి కావని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వంతెన పిలిచింది. "వచ్చే ఆదివారం తప్పకుండా వస్తా" అంటూ బస్సెక్కాడు. హెల్మెట్ మరిచిపోయాడు. ఆమె గుర్తుచెయ్యలేదు.

ఆదివారం వచ్చింది, ఆయన రాలేదు. మధ్యాహ్నం బస్సు కూడా వచ్చి వెళ్లాక ఆమె కిటికీ దగ్గరి నుంచి కదిలి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, మళ్ళీ తెగింది. పిన్నికి కూడా చెప్పు."

ఆ రోజు ప్రయోగశాలకు సెలవు.